వాలీ బయామ్

వాలీ బయామ్ (1896 జూలై 4 - 1962 జూలై 22) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన పారిశ్రామికవేత్త, యాత్రికుడు, రచయిత. ఎయిర్‌స్ట్రీమ్ అనే యాత్రా ట్రైలర్ల సంస్థను స్థాపించాడు. ఇతని పూర్తి పేరు వాలస్ మెర్ల్ బయామ్. కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటిని యాత్రా ట్రైలర్ అంటారు. ఒకప్పుడు మన ప్రాంతంలో కుటుంబాలు తిరునాళ్ళకు, దూరపు ఊళ్ళకు వెళ్ళిన గూడుబండికీ దీనికీ కొంత పోలిక కలదు. అయితే ఇందులో పడకలు, వంటగది, నీటితొట్టి, దీపాలు కూడా అమరి ఉంటాయి. వెండివలె మెరిసే అల్యూమినియం రేకులతో, విమానం పొట్టను పోలిన గుండ్రని ఆకారంలో బయామ్ తయారుచేయించిన బండ్లు 20వ శతాబ్దపు అమెరికా వస్తువులలో మిక్కిలి ప్రసిద్ధి పొందాయి.

ట్రైలర్‌ను ఒకచోట నిలిపి ఉంచే ఇల్లుగా కాక, నిత్యం నడిచే బండిగా బయామ్ భావించాడు. తాను చేసిన బండ్లను గతుకుల దారుల్లో స్వయంగా నడిపి, వాటి లోపాలను తెలుసుకొని సరిదిద్దాడు. అతని కాలపు బండ్లు అనేకం తరువాత ఏళ్ళ తరబడి పెరళ్ళలోను, కొట్టాల్లోను కదలకుండా నిలిచిపోయాయి. వాటిని ఔత్సాహికులు వెదికి కొని, వందల మైళ్ళ దూరంలోని తమ ఇళ్ళకు లాగుకొని వెళ్తుంటారు. బయామ్ జీవిత విశేషాలతో పాటు అటువంటి పాత బండిని దూరప్రయాణానికి సిద్ధం చేసే పద్ధతి కూడా ఈ వ్యాసంలో వివరించబడింది.

బాల్యం, విద్య

బయామ్ 1896 జూలై 4న ఆరెగాన్ రాష్ట్రంలోని బేకర్ పట్టణంలో (నేటి బేకర్ సిటీ) జన్మించాడు. జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం కావడం విశేషం. అతని తాత ఆ ప్రాంతంలో కంచరగాడిదల బిడారు నడిపేవాడు. చిన్ననాట తాతతో కలిసి చేసిన ఆ ప్రయాణాలు బయామ్‌లో సంచార జీవితంపై ఆసక్తిని కలిగించాయి.

కౌమారంలో అతడు కొంతకాలం గొర్రెల కాపరిగా పనిచేశాడు. మందతో పాటు కొండల్లో తిరిగే ఆ రోజుల్లో గాడిద లాగే రెండు చక్రాల చిన్న బండి అతనికి నివాసం. అందులో కిరోసిన్ పొయ్యి, తినుబండారాలు, పడుకొనే సంచి ఉండేవి. తరువాతి కాలంలో అతడు లక్షల డాలర్ల వ్యాపారంగా మార్చిన ఆలోచనకు ఈ బండినే మూలంగా భావిస్తారు.

తరువాత వర్తక నౌకల్లో చిరుద్యోగిగా చేరి, సుమారు మూడేళ్ళలో ఓడ అధికారి స్థాయికి ఎదిగాడు. అనంతరం కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1920ల తొలినాళ్ళలో పట్టభద్రుడయ్యాడు.

పత్రికారంగం నుండి బండ్ల తయారీకి

చదువు ముగిసిన తరువాత బయామ్ లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో ప్రకటనలు వ్రాసే ఉద్యోగం చేశాడు. పిమ్మట సొంతంగా ప్రకటనల సంస్థను, ప్రచురణ సంస్థను నడిపాడు.

అతడు ప్రచురించిన పత్రికలలో ఒకదానిలో, ఇంటివద్దనే ట్రైలర్ తయారుచేసుకొనే విధానం గురించి ఒక వ్యాసం వచ్చింది. ఆ నమూనా ప్రకారం బండి కట్టబోయిన పాఠకులు అది పనికిరాదని ఫిర్యాదులు పంపారు. నిజానిజాలు తేల్చుకొనేందుకు బయామ్ స్వయంగా ఆ నమూనాతో బండి కట్టి చూశాడు. పాఠకుల మాటే నిజమని తేలింది. దానితో అతడు సొంత నమూనా రూపొందించే పనికి పూనుకున్నాడు.

అతని తొలి ప్రయత్నం ఫోర్డ్ సంస్థవారి మోడల్ టి కారు చట్రంపై బిగించిన గుడారం. వాన వస్తే దానిని నిలబెట్టడమే కష్టమయ్యేది. వంటగది లేని యాత్రకు రానని అతని భార్య మారియన్ పట్టుబట్టడంతో, బయామ్ గుడారాన్ని తీసివేసి, అదే చట్రంపై కన్నీటిబొట్టు ఆకారంలో గట్టి గూడు కట్టాడు. అందులో చిన్న పొయ్యి, మంచుగడ్డల పెట్టె అమర్చాడు. ఆనాటి ట్రైలర్లలో మనిషి నిటారుగా నిలబడే వీలు ఉండేది కాదు. బయామ్ నేలను చక్రాల నడుమకు దించి, పైకప్పును ఎత్తు చేసి ఈ ఇబ్బందిని తొలగించాడు.

100 డాలర్లలోపు ఖర్చుతో ట్రైలర్ కట్టుకొనే విధానాన్ని వివరిస్తూ అతడు వ్రాసిన వ్యాసానికి మంచి స్పందన లభించింది. నమూనా పటాలను తపాలా ద్వారా అమ్మాడు. పటాలతో పాటు తయారైన బండ్లు కూడా కావాలని అడిగేవారు పెరగడంతో, మొదట తన ఇంటి పెరటిలోనే బండ్లు కట్టించి అమ్మసాగాడు.

ఎయిర్‌స్ట్రీమ్ స్థాపన

1931లో బయామ్ కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో కర్మాగారం ప్రారంభించాడు. అది మహా ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీస్తున్న కాలం. అట్టి సమయంలో విహారయాత్రల బండ్ల వ్యాపారం ప్రారంభించడం సాహసమే. గాలి ప్రవాహంలా రోడ్డుపై సాగిపోయే బండి అనే భావంతో తన సంస్థకు ఎయిర్‌స్ట్రీమ్ అని పేరు పెట్టాడు. టార్పెడో అనే నమూనా ఈ తొలి సంవత్సరాలలో పేరుపొందింది. ఈ కాలపు బండ్లు ఎక్కువగా చెక్క చట్రంతోను, పలకలతోను తయారయ్యేవి.

క్లిప్పర్

ఇదే కాలంలో హాలీ బౌలస్ అనే విమాన నిర్మాత అల్యూమినియం రేకులను రివిట్లతో బిగించి ట్రైలర్లు తయారుచేశాడు. బౌలస్ గ్లైడర్ల నిర్మాణంలో నిపుణుడు. ఛార్లెస్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ సముద్రాన్ని దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమాన నిర్మాణంలో కూడా పాలుపంచుకున్నాడు. 1934లో వెలువడిన అతని రోడ్ చీఫ్ ట్రైలర్ చూడడానికి అందంగా ఉన్నా, దాని తలుపు ముందుభాగంలో, కారుకు తగిలించే నొగకు పైన ఉండేది. లోపలికి వెళ్ళాలంటే నొగ మీదుగా ఎక్కవలసి వచ్చేది. బౌలస్ సంస్థ వ్యాపారంలో నిలదొక్కుకోలేకపోయింది.

బయామ్ కొంతకాలం బౌలస్ బండ్ల అమ్మకంలో పనిచేసి ఉన్నందున వాటి గుణదోషాలు అతనికి తెలుసు. ఆ నమూనాను ఆధారం చేసుకొని, తలుపును పక్కకు మార్చి, 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే బండిని విడుదల చేశాడు. ఆ కాలంలో పసిఫిక్ సముద్రంపై ఎగిరిన చైనా క్లిప్పర్ విమానాన్ని తలపించేలా ఈ పేరు పెట్టబడింది. నలుగురు పడుకొనే వీలు, నీటి సరఫరా, విద్యుద్దీపాలు, ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువుతో పనిచేసే శీతలీకరణ ఏర్పాటు ఇందులో ఉండేవి. ధర 1,200 డాలర్లు. ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద మొత్తమే అయినా, కోరినవారందరికీ సరఫరా చేయడం సంస్థకు కష్టమైంది. 1936 నాటికి అమెరికాలో ఉన్న వందలాది ట్రైలర్ సంస్థలలో నేటివరకు నిలిచింది ఎయిర్‌స్ట్రీమ్ ఒక్కటేనని ఆ సంస్థ చరిత్రలో చెప్పబడుతుంది.

యుద్ధకాలం, పునఃప్రారంభం

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రవేశించిన తరువాత అల్యూమినియం యుద్ధావసరాలకు కేటాయించబడింది. విహారయాత్రలకు పెట్రోలు, టైర్లు దొరకడం కష్టమైంది. బయామ్ కర్మాగారాన్ని మూసివేసి, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని విమాన పరిశ్రమలో పనిచేశాడు. పలుచని రేకును తేలికగా, దృఢంగా మలిచే పద్ధతులలో అక్కడ పొందిన అనుభవం తరువాత అతనికి ఉపయోగపడింది.

యుద్ధానంతరం 1940ల చివరలో అతడు ఎయిర్‌స్ట్రీమ్‌ను తిరిగి ప్రారంభించాడు. 1947లో ఫ్రాన్స్ దేశపు సైకిల్ పందెగాడు ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను సైకిల్‌తో లాగుతుండగా తీసిన ఛాయాచిత్రం సంస్థకు గొప్ప ప్రచారం తెచ్చింది. బండి ఎంత తేలికో చెప్పడానికి ఆ చిత్రమే చాలింది. తరువాత అదే సంస్థ చిహ్నంగా మారింది.

గిరాకీ పెరగడంతో 1952లో ఒహాయో రాష్ట్రంలోని జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊరిలో రెండవ కర్మాగారం ప్రారంభమైంది. సంస్థ ప్రధాన కేంద్రం నేటికీ అక్కడే ఉంది. 1957లో వచ్చిన ఇంటర్నేషనల్ నమూనా, బయటి నీరు, విద్యుత్ కనెక్షన్లతో పని లేకుండా కొన్ని రోజులపాటు కుటుంబం గడపగల సౌకర్యాలతో వెలువడింది.

కారవాన్ యాత్రలు

ఎయిర్‌స్ట్రీమ్ యజమానులను కూడగట్టి, వరుసగా బండ్లను నడిపించుకుంటూ దూరదేశాలకు తీసుకువెళ్ళడం బయామ్ జీవితంలో రెండవ ఘట్టం. ఈ బిడారులకు కారవాన్లు అని పేరు. వీటివలన సంస్థకు ప్రచారం లభించిన మాట నిజమే. అయితే బండ్లకు ఇవి కఠిన పరీక్షలు కూడా. దారిలో విరిగిన ప్రతి కమానుకట్ట, ఊడిన ప్రతి రివిట్టు తరువాతి నమూనాలో ఏమి మార్చాలో తెలియజేసేవి.

మొదటి పెద్ద యాత్ర 1951లో టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నుండి మెక్సికో, మధ్య అమెరికా దేశాలకు బయలుదేరింది. 63 ట్రైలర్లు పాల్గొన్నాయి. ఆనాటికి అక్కడ సరైన రోడ్లు లేవు. కొండదారులు, బురద, వంతెనలు లేని వాగుల వలన చాలామంది మధ్యలోనే వెనుదిరిగారు. చివరివరకు నిలిచినవి చాలా కొద్ది బండ్లు మాత్రమే. ఇకపై ఇటువంటి యాత్ర తలపెట్టరాదని అనుకొన్న బయామ్, కొద్దికాలానికే మళ్ళీ సన్నాహాలు మొదలుపెట్టాడు.

1955లో తూర్పు కెనడాలో జరిగిన యాత్ర సందర్భంగా, నోవా స్కోషియా రాష్ట్రంలోని కెంట్‌విల్ పట్టణంలో యజమానుల సంఘం ఏర్పడింది. దానికి బయామ్ పేరే పెట్టారు. సభ్యులు తమ బండ్లపై పెద్ద ఎర్ర అంకెలతో సభ్యత్వ సంఖ్య అతికించుకొనేవారు. బయామ్ ధరించే నీలిరంగు టోపీ సంఘానికి గుర్తుగా మారింది. అతని బంధువు హెలెన్ బయామ్ ష్వాంబోర్న్ సంఘం నిర్వహణలోను, యాత్రల ఏర్పాట్లలోను ముఖ్యపాత్ర వహించింది. 1956లో యూరప్ యాత్ర జరిగింది.

ఆఫ్రికా యాత్ర

యాత్రలన్నింటిలో ప్రసిద్ధమైనది 1959-60లలో జరిగిన కేప్ టౌన్ - కైరో యాత్ర. 41 ట్రైలర్లు, 106 మంది యాత్రికులు ఆఫ్రికా దక్షిణ కొస నుండి ఉత్తర కొసకు ప్రయాణించారు. 12 వేల మైళ్ళకు (సుమారు 19 వేల కిలోమీటర్లకు) మించిన ఈ ప్రయాణానికి సుమారు ఏడు నెలలు పట్టింది. బయామ్ తన కోసం బంగారు రంగు పూత వేయించిన ట్రైలర్‌ను తీసుకువెళ్ళాడు. బెల్జియన్ కాంగో, ఉగాండా, కెన్యా, ఇథియోపియాల మీదుగా బండ్లు సాగాయి. ఇథియోపియాలో దారి అనదగినది లేని చోట్ల బండ్లను ఒక్కొక్కటిగా లాగవలసి వచ్చింది. ఆ దేశ చక్రవర్తి హైలీ సెలాసీ యాత్రికులను కలుసుకొన్నాడు. చివరకు ఈజిప్టు పిరమిడ్ల ఎదుట వెండి బండ్లు బారులు తీరిన దృశ్యం లోకప్రసిద్ధమైంది.

ఈ యాత్రను నాటి పరిస్థితులతో కలిపి చూడవలసి ఉంటుంది. అప్పుడు దక్షిణాఫ్రికాలో జాతి విచక్షణ చట్టాలు అమలులో ఉన్నాయి. దారిలోని పలు ప్రాంతాలు యూరప్ దేశాల వలసపాలనలో ఉన్నాయి. యాత్రికులలో చాలామంది ఉద్యోగ విరమణ చేసిన సంపన్న అమెరికన్లు. స్థానికుల సహాయం, శ్రమ లేకుండా ఆ బండ్లు బురద దాటేవి కావు. యాత్ర ముగిసిన 1960లోనే కాంగోతో సహా అనేక ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి.

1961లో వెలువడిన 16 అడుగుల చిన్న ట్రైలర్‌కు బాంబీ అని పేరు పెట్టారు. ఆఫ్రికాలోని ఒక చిన్న జింకకు స్థానిక భాషలో ఉన్న పేరు నుండి ఇది వచ్చింది.

రచనలు, భావాలు

బయామ్ 1953లో ఫిఫ్త్ ఎవెన్యూ ఆన్ వీల్స్ అనే పుస్తకాన్ని, 1960లో ట్రైలర్ ట్రావెల్ హియర్ అండ్ అబ్రాడ్ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. ట్రైలర్ యాత్రలను గురించిన తన అనుభవాలను, సలహాలను రెండవ పుస్తకంలో పొందుపరచాడు.

ప్రతి ఏటా పైపై మెరుగుల కోసం నమూనాలు మార్చడాన్ని అతడు ఇష్టపడలేదు. మేలు చేకూర్చే మార్పు అయితేనే చేయాలని తన పనివారికి బోధించేవాడు. ట్రైలర్ మనిషికి వయసుతో పనిలేని స్వేచ్ఛను ఇవ్వాలని, వృద్ధులు కూడా ఇతరులపై ఆధారపడక లోకం చూడగలగాలని అతని ఆశయం.

మరణం, తదనంతరం

బయామ్ మెదడులో కణితి కారణంగా 1962 జూలై 22న లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. అప్పటికి అతని వయసు 66 సంవత్సరాలు. అతని రెండవ భార్య పేరు స్టెల్లా. అతడు తలపోసిన ప్రపంచయాత్ర అతని మరణానంతరం 1963-64లలో సింగపూర్ నుండి యూరప్ వరకు జరిగింది.

ఎయిర్‌స్ట్రీమ్‌ను 1967లో బియాట్రిస్ ఫుడ్స్ సంస్థ కొనుగోలు చేసింది. 1980 నుండి అది థోర్ ఇండస్ట్రీస్ ఆధీనంలో ఉంది. 1969లో చంద్రునిపై దిగి తిరిగివచ్చిన అపోలో 11 వ్యోమగాములను కొన్ని రోజులు విడిగా ఉంచేందుకు, ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను మార్చి, చక్రాలు లేకుండా తయారుచేసిన గదిని ఉపయోగించారు. అటువంటివి నాలుగు తయారయ్యాయి. వాటిలో అపోలో 12కు వాడినది తరువాత ఉనికి తెలియకుండా పోయి, 2007లో అలబామా రాష్ట్రంలోని ఒక చేపల పెంపక కేంద్రం వద్ద కనిపించింది. ప్రస్తుతం దానిని హంట్స్‌విల్‌లోని అంతరిక్ష ప్రదర్శనశాలలో చూడవచ్చు.

నిలిచిపోయిన బండ్లు

ఎయిర్‌స్ట్రీమ్ బండ్ల పైరేకు అల్యూమినియం కావడం వలన తుప్పుపట్టి రాలిపోదు. అందువలన 50, 60 ఏళ్ళనాటి బండి కూడా బయటికి గట్టిగానే కనిపిస్తుంది. కొనేవారు మోసపోయేది కూడా ఇక్కడే. రేకు కింద ఉండే చట్రం ఉక్కుది, నేల ప్లైవుడ్‌ది. కిటికీల అంచుల నుండి, రివిట్ల సందుల నుండి కారిన నీరు నేల అంచులను నాననిచ్చి కుళ్ళబెడుతుంది. పైగూడు ఈ ప్లైవుడ్ అంచుల ద్వారానే చట్రానికి బిగించబడి ఉంటుంది. అంచులు కుళ్ళితే గూటికీ చట్రానికీ పట్టు తప్పుతుంది. ముఖ్యంగా వెనుకభాగంలో ఈ లోపం తరచు కనిపిస్తుంది.

1961 నుండి ఈ బండ్లకు కమానుకట్టలకు బదులు రబ్బరు ఇరుసులు అమర్చారు. ఉక్కు గొట్టంలో ఉన్న రబ్బరు కడ్డీలు మెలితిరిగి కుదుపును మింగుతాయి. బండి దశాబ్దాల పాటు ఒకే భారంతో నిలిచి ఉంటే ఆ రబ్బరు బిగుసుకొని సాగే గుణాన్ని కోల్పోతుంది. అప్పుడు గతుకుల దెబ్బ నేరుగా గూటికి తగిలి రివిట్లు వదులవుతాయి.

దూరప్రయాణానికి సిద్ధం చేయడం

చాలాకాలం నిలిచిన ట్రైలర్‌ను తగిలించి వెంటనే బయలుదేరడం ప్రమాదకరం. దారిలో చక్రం ఊడినా, టైరు పగిలినా బండికే కాక, కారులోని వారికి, రోడ్డుపై వెళ్ళే ఇతరులకు కూడా ప్రాణాపాయం. సాధారణంగా ఈ క్రింది అంశాలను వరుసగా పరిశీలిస్తారు.

* పత్రాలు: బండి యాజమాన్య పత్రంలోని సంఖ్య, బండిపై ఉన్న పలక సంఖ్య ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రోడ్డుపై నడపడానికి తాత్కాలిక అనుమతి పొందాలి.

* శుభ్రత: మూసి ఉన్న బండిలో ఎలుకల మలమూత్రాలు ఉంటాయి. అమెరికాలో వీటివలన హంటావైరస్ అనే ప్రమాదకరమైన వ్యాధి సోకే అవకాశం ఉన్నందున, తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, ముక్కుకు రక్షణ ధరించి, క్రిమిసంహారక ద్రావణంతో తడిపిన తరువాతే తుడవాలి. పొడిగా ఊడ్వరాదు.

* చట్రం, నేల: లోపల నేల అంచులను మొనగల పనిముట్టుతో పొడిచి చూడాలి. దిగబడితే కుళ్ళినట్లే. ఒకరు వెనుక బంపరుపై నిలబడి నెమ్మదిగా ఊగుతుండగా మరొకరు గమనించాలి. బంపరు కిందికి దిగి గూడు మాత్రం కదలకుండా ఉంటే, వెనుకభాగం చట్రం నుండి విడిపోయిందని అర్థం. కింది నుండి చట్రంలో పగుళ్ళు, తుప్పు తిన్న చోట్లు చూడాలి.

* ఇరుసులు: రబ్బరు ఇరుసుల చేతులు బండి బరువుతో నేలకు సమాంతరంగానో, కొంచెం కిందికో ఉండాలి. బాగా పైకి తిరిగి ఉంటే రబ్బరు పనిచేయడం లేదని గ్రహించాలి. కమానుకట్టలున్న పాత బండ్లలో విరిగిన పట్టీలను, అరిగిన మేకులను చూడాలి.

* టైర్లు: గాళ్ళు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిది కాదు. రబ్బరు వయసుతోనే చెడుతుంది. 2000 సంవత్సరం నుండి టైరు పక్కన ముద్రించే నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారైనది. ఏళ్ళ తరబడి నిలిచిన బండికి, బరువుకు తగిన కొత్త టైర్లు వేయించడమే క్షేమం. అదనపు టైరు, జాకీ, నట్లకు సరిపోయే పానా వెంట ఉండాలి.

* బేరింగులు: పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, లోపల తేమ చేరి ఉంటుంది. చక్రాలను విప్పి, బేరింగులను కడిగి, గుంటలు పడినవాటిని, వేడికి నీలిరంగు తిరిగినవాటిని మార్చాలి. కొత్త గ్రీజు దట్టించి, కొత్త సీళ్ళు వేసి బిగించాలి. ఈ ఒక్క పని చేయనందువలన దారిలో చక్రం పట్టివేయడం, ఊడిపోవడం జరుగుతుంది.

* బ్రేకులు: చాలా ట్రైలర్లకు విద్యుత్ బ్రేకులు ఉంటాయి. వాటిని నియంత్రించే పరికరం కారులో ఉండాలి. బండి కారు నుండి తెగిపోతే వెంటనే బ్రేకులు పడే ఏర్పాటు, దాని బ్యాటరీ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి.

* నొగ, గొలుసులు: కారు వెనుక ఉండే ఉక్కు గుండు, దానిపై కూర్చునే నొగ దొప్ప ఒకే కొలతవి కావాలి. గొళ్ళెం గట్టిగా పడాలి. రెండు రక్షణ గొలుసులను నొగ కింద అడ్డంగా దాటించి తగిలించాలి. బండి మొత్తం బరువులో సుమారు 10 నుండి 15 శాతం నొగపై పడాలి. అంతకు తక్కువైతే బండి వేగంలో అటూ ఇటూ ఊగి అదుపు తప్పుతుంది. కారు ఆ బరువు లాగగలదో లేదో కూడా చూసుకోవాలి.

* దీపాలు: ఎలుకలు కొరికిన పాత తీగలను నమ్మడానికి వీలులేదు. చాలామంది తాత్కాలిక దీపాలు తగిలిస్తారు. అయస్కాంతపు దీపాలు అల్యూమినియం రేకుకు అంటుకోవు. వాటిని వెనుక ఉన్న ఉక్కు బంపరుకు అమర్చుకోవాలి.

* వదులుగా ఉన్న వస్తువులు: తలుపు గడియ బిగించడమే కాక పట్టీతో కట్టాలి. కిటికీలను, పైకప్పు గాలిమూతలను కట్టివేయాలి. పాత గ్యాస్ బండలను తొలగించాలి. లోపలి అల్మరాల తలుపులు మూయాలి.

బయలుదేరిన తరువాత మొదటి 15, 20 కిలోమీటర్లలోనే ఆగి ప్రతి చక్రం నడుమను చేత్తో జాగ్రత్తగా పరీక్షించాలి. ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా వేడెక్కితే బేరింగుగానీ బ్రేకుగానీ పట్టుకొన్నట్లు తెలుసుకోవాలి. చక్రాల నట్లను సుమారు 80 కిలోమీటర్ల తరువాత మళ్ళీ బిగించాలి. వేగం గంటకు 80, 90 కిలోమీటర్లు దాటకుండా, పగటిపూట, వాన లేని రోజులలో ప్రయాణించడం మంచిది. ప్రతి మజిలీలోను చక్రాలు, నొగ, గొలుసులు, దీపాలు తిరిగి చూసుకోవాలి.

చట్రం విరిగి ఉన్నా, వెనుకభాగం విడిపోయినా, ఇరుసులు పూర్తిగా చెడినా సొంత చక్రాలపై లాగరాదు. అటువంటి బండిని లారీపైకి ఎక్కించి తీసుకుపోవడమే మార్గం. దానికి ఖర్చు ఎక్కువైనా, బాగుచేయదగిన బండిని దారిలో పోగొట్టుకోవడం కంటే అదే మేలు.

ప్రాముఖ్యత

యాత్రా ట్రైలర్‌ను మొదట కనిపెట్టినవాడు బయామ్ కాడు. రివిట్ల అల్యూమినియం గూడు కూడా బౌలస్ ఆలోచన. ఇతరుల ఆలోచనలలోని లోపాన్ని గుర్తించి సవరించడం, సవరించినదానిని కఠినమైన దారిలో పరీక్షించడం, ఆ అనుభవాన్ని మళ్ళీ కర్మాగారానికి చేర్చడం బయామ్ ప్రత్యేకత. అతని కాలంలో తయారైన బండ్లను బాగుచేసి వాడుకొనే ఔత్సాహికులు అమెరికాలోను, ఇతర దేశాలలోను నేటికీ ఉన్నారు. 1955లో ఏర్పడిన యజమానుల సంఘం నేడు ఎయిర్‌స్ట్రీమ్ క్లబ్ ఇంటర్నేషనల్ అనే పేరుతో కొనసాగుతూ, ఇప్పటికీ కారవాన్ యాత్రలు నిర్వహిస్తోంది.